సామాను దగ్గర ఒకళ్ళు

మా ఇంట్లో ఆల్బములు తిరగేస్తే నేను కనపడను. పెళ్ళి ఫోటోల్లో ఉన్నాను, అక్కడ తప్పదు కాబట్టి. ఆ తర్వాత రాయ్‌పూర్ చుట్టుపక్కల మేము వెళ్ళొచ్చిన చోట్లన్నీ ఉన్నాయి. మా అమ్మాయి పాలపళ్ళ వయసు నుంచి కాలేజీ దాకా ఉంది. ఊళ్ళనుంచి వచ్చిన చుట్టాలున్నారు, పక్క క్వార్టర్ వాళ్ళున్నారు, ఒక ఫోటోలో ఎవరిదో మేక కూడా ఉంది. నేను మాత్రం లేను. ఫోటోలు తీసేది మా ఆయన కాబట్టి ఆయన లేకపోవడంలో అర్థముంది. నేనెందుకు లేనంటే, ఆ ఫోటో తీస్తున్నంతసేపూ నేను ఎక్కడో పక్కన సామాను చూసుకుంటూ కూర్చున్నాను.

మేముండేది రాయ్‌పూర్‌లో, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో. మా ఆయనది వ్యాగన్లు బాగుచేసే రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. మా ఇద్దరి వైపువాళ్ళదీ శ్రీకాకుళం జిల్లా. పక్క క్వార్టర్లో ఉండే ఆవిడది వరంగల్ వైపు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుంటే ఆవిడది ఒక తెలుగు, నాది ఒక తెలుగు, రెంటికీ చాలనిచోట హిందీ పోసుకుంటాం. ఎప్పుడైనా ఊరు వెళ్తే నా భాష విని మా అమ్మ తల పట్టుకునేది.

రైల్వేవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకి ఎక్కాలు రాకముందే వచ్చే మాట ఒకటుంది. సామాను దగ్గర ఒకళ్ళుండాలి. మంచినీళ్ళకి దిగినా, టీకి దిగినా, బోగీ నంబరు చూడటానికి దిగినా, ఒకళ్ళు సామాను మీద చెయ్యి వేసుకుని ఉండాలి. మా పెళ్ళయిన కొత్తలో ఊరినుంచి తిరిగొస్తూ దారిలో ఒక జంక్షన్లో దిగి, ఇద్దరం కలిసి కుళాయి దగ్గరకి వెళ్ళాం. కొత్త కదా, నాలుగడుగులు పక్కపక్కన నడవాలని సరదా. తిరిగొచ్చేసరికి సంచీ లేదు. దొంగకి మా అమ్మ పెట్టిన కొత్తావకాయ దొరికింది, మాకు జీవితానికి సరిపడా నియమం దొరికింది. ఆ తర్వాత మేమిద్దరం కలిసి కుళాయి దగ్గరకి వెళ్ళింది లేదు.

ఈ నియమం రైలు దిగగానే అయిపోతే నాకేమీ బాధ లేకపోయేది. కానీ మా ఆయన దాన్ని పిక్నిక్కులకి కూడా పట్టుకొచ్చారు. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేసే చోటికి కూడా ఇంటి నుంచి గొలుసూ తాళం వచ్చేవి. ఒకసారి పార్కులో సిమెంటు బెంచీ కాలికి పులిహోర సంచీని కట్టి తాళం వేశారు. గొలుసు వేశారు కదా, ఇంకా మనిషెందుకని అడిగాను. గొలుసుని చూసుకోవడానికట.

ఆ ఒకళ్ళు నేనే ఎలా అయ్యానో ఆలోచిస్తే, నన్ను ఉండమని ఎవరూ చెప్పలేదు. మా అత్తగారు పెద్దావిడ, మళ్ళీ ఎప్పుడొస్తారో, ఆవిడ చూడాలి. అమ్మాయి చిన్నది, అది చూడాలి. చుట్టాలు చూడటానికే వచ్చారు. మా ఆయన ఫోటోలు తీయాలి. ఇలా అందరినీ తీసేస్తూ పోతే చివరికి మిగిలేది నేను. నేనూ పోనీలే, ఇంకోసారి చూస్తానులే అనుకునేదాన్ని. ఆ ఇంకోసారి వచ్చినప్పుడు కూడా లెక్క అలాగే తేలేది.

అయినా మొదట్లో పులిహోర సంచీ, నీళ్ళ సీసా, దుప్పటీ, అంతే కదా. అసలు కష్టం పెద్ద కెమెరాతో వచ్చింది. అంతకుముందు ఆయనకి రీలు వేసుకునే చిన్న కెమెరా ఉండేది. చొక్కా జేబులో పడేది, పాపం ఎవరి జోలికీ వచ్చేది కాదు. తర్వాత లెన్సులు మార్చుకునే డిజిటల్ కెమెరా కొన్నారు. దాంతో పాటు కొట్టువాడు నల్లటి బ్యాగు ఒకటి ఊరికే ఇచ్చాడు. ఊరికే వచ్చినవాటి మీద మా ఆయనకి ఎంత గౌరవమంటే, దాన్ని ఖాళీగా ఉంచడం పాపమనుకున్నారు. రెండో లెన్సు, ఛార్జరు, స్టాండు, టార్చిలైటు, తుడుచుకునే గుడ్డలు, వానొస్తే గొడుగు, ఆకలేస్తే మిక్స్చరు పొట్లం, ఒక స్క్రూడ్రైవరు. నది ఒడ్డున ఛార్జరు ఎక్కడ గుచ్చుతారని అడిగితే, ఉంటే మంచిదే కదా అన్నారు. తా దూర కంత లేదు మెడకో డోలు అని మా అమ్మమ్మ అనేది గానీ, ఇక్కడ డోలు ఆయనది, మెడ నాది.

ఎందుకంటే ఆ బ్యాగు భుజాన ఉంటే ఆయన ఫోటో తీయలేరు. వంగగానే జారి ముందుకొచ్చి మోచేతిని కొడుతుంది. నేల మీద పెడితే దుమ్ము. కొమ్మకి తగిలిస్తే కోతులు. కాబట్టి కెమెరా ఆయన చేతికీ, బ్యాగు నా ఒళ్ళోకీ. అది పట్టుకుని నేను నడవలేను, పెట్టేసి లేవలేను. అంతవరకూ సామాను పక్కన కూర్చున్నదాన్ని, ఆ తర్వాత సామాను కింద కూర్చున్నాను.

ఇక రాజిం సంగతి చెప్పాలి. అప్పటికి రాయ్‌పూర్ నుంచి ఇరుకు పట్టాల మీద నడిచే చిన్న రైలు ఇంకా ఉండేది. అభన్‌పూర్ దాకా వెళ్ళాక పట్టాలు చీలి, ఒక దారి ధమ్‌తరీకి, ఒక దారి రాజింకి పోయేవి. రోజంతా పెద్ద వ్యాగన్ల మధ్య ఉండే మా ఆయనకి ఆ చిన్న రైలంటే చెప్పలేనంత ముద్దు. ఎవరు చుట్టాలొచ్చినా, పదండి రాజిం అనేవారు. రాజింలో మహానది మధ్యలో, ఎత్తైన రాతి అరుగు మీద శివుడి గుడి ఉంది, కులేశ్వర్ మహాదేవ్ అంటారు. చలికాలంలో నీళ్ళు తగ్గాక ఒడ్డున చెప్పులు విడిచి, ఇసుకలో నడిచి, పాయల్లో పాదాలు తడుపుకుంటూ వెళ్ళాలి. ఒడ్డు మీది పెద్ద గుడిని వంతులేసుకుని నేనూ చూసేదాన్ని. నదిలోకి మాత్రం ఎప్పుడూ దిగలేదు. దుప్పటీ, తిండి సంచీ, నీళ్ళు, కెమెరా బ్యాగు, అందరి చెప్పులూ ఇసుకలో మోసుకెళ్ళేవి కాదు కదా.

నేను కూర్చునేది టీ కొట్టు వెనక, నీడ ఉన్న చోట. అక్కడ్నుంచి కొట్టు తడికా, దాని వెనక కొంచెం ఆకాశమూ తప్ప ఏమీ కనపడదు. వాళ్ళు వెళ్ళి, చాలాసేపటికి తడిసిన అంచులతో, వెలిగిపోతున్న మొహాలతో వచ్చేవారు. అబ్బ, ఆ అరుగు మీద గాలి, అనేవారు. నేను తువ్వాళ్ళిచ్చి, చెప్పులు చూపించి, పులిహోర పెట్టేదాన్ని. ఒకసారి మా అత్తగారు కాళ్ళు తుడుచుకుంటూ, నువ్వు కూడా చూడాల్సిందే అమ్మా అన్నారు. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఆ మంట పులిహోర వడ్డించడంలో తీర్చుకున్నాను.

ఇలా ఏళ్ళు గడిచాయి. అత్తగారు పోయారు. అమ్మాయి కాలేజీకొచ్చింది. ఒక ఆదివారం కంప్యూటర్లో పాత ఫోటోలు చూస్తూ, ఆ గుడి లోపల రాయి ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుందేమో కదమ్మా అంది. ఏమో అన్నాను. అది తలెత్తి చూసింది. నువ్వు రాలేదా అంది. వచ్చానన్నాను. అన్నిసార్లూ వచ్చానన్నాను. అది మళ్ళీ ఫోటోల వైపు తిరిగి, ఒక్కొక్కటీ వెనక్కి జరుపుతూ చాలాసేపు వెతికింది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి పని లేకపోయినా కుళాయి తిప్పాను. నాకు ఏడుపొచ్చింది. గుడి చూడనందుకు కాదు, వెతికితే గానీ నేను లేనని మా పిల్లకి తెలియనందుకు. ఈసారి రాజిం వెళ్తే నదిలోకి దిగాలి, ఆ అరుగెక్కాలి అని అప్పుడే అనుకున్నాను. పెద్ద కోరికేమీ కాదు, ఒడ్డు నుంచి కనుచూపు మేరలో ఉన్నదే.

దేవుడు విన్నట్టు కొన్నాళ్ళకి ఆ నల్ల బ్యాగు పట్టీ తెగింది. నేను లోపల్లోపల కొబ్బరికాయ కొట్టుకున్నాను. కానీ మా ఆయన అప్పటికే వర్క్‌షాపులో ఎవరి దగ్గరో ఇంకో బ్యాగు చూసొచ్చారు. వీపున తగిలించుకునేది, నడుము దాకా వస్తుంది, మూడు లెన్సులు పడతాయి, ల్యాప్‌టాప్ కూడా పడుతుంది. మాకు ల్యాప్‌టాప్ లేదు. అది గనక ఇంటికొస్తే నేను ఇంకో పదేళ్ళు టీ కొట్టు వెనకే. అందుకని, మీకు డ్యూటీలు కదా, బజారుకెలాగూ వెళ్తున్నాను, నేను తెస్తానన్నాను. చొక్కాల నుంచి చెప్పుల దాకా ఆయనకి నేనే కొంటాను కాబట్టి ఆయనకి అనుమానం రాలేదు. కొలతకి కెమెరా ఇవ్వమంటే మాత్రం గుండె మీద చెయ్యేసుకున్నారు. ఆటోలో, ఆ కుదుపుల్లో, జనంలో కెమెరా పంపడమా.

ఇవ్వకపోతే మానె. ఆయన డ్యూటీకి వెళ్ళాక కెమెరా తీసి వంటింటి గట్టు మీద పెట్టాను. చూస్తూ ఉంటే అది నాకు తెలిసిన ఆకారమే. ఆయన టిఫిను పట్టుకెళ్ళే స్టీలు డబ్బా అంత ఒళ్ళు, మంచినీళ్ళ గ్లాసంత ముక్కు. ఇంట్లో ఉన్న రెండో డబ్బాకి గ్లాసుని నాడాతో అడ్డంగా కట్టాను. కూరల తక్కెడలో ఒకవైపు కెమెరా, ఒకవైపు డబ్బా పెట్టి, సరితూగేదాకా డబ్బాలో తిల్దా మిల్లుల బియ్యం పోశాను. మూత పెట్టి తువ్వాలు చుట్టాను. చేత్తో పట్టుకుని చూస్తే కళ్ళు మూసుకున్నవాళ్ళకి అది కెమెరానే.

పక్కింటి వదినను తోడు తీసుకుని జైస్తంభ్ చౌక్ వైపున్న ఒక కెమెరా కొట్టుకి వెళ్ళాను. ఎలాంటి బ్యాగు కావాలని అడిగాడు కొట్టాయన. నేను తువ్వాలు విప్పి డబ్బా గల్లా బల్ల మీద పెట్టి, ఇది పట్టాలి, ఇంకేమీ పట్టకూడదు అని హిందీలో చెప్పాను. ఆయన ఎంతో మర్యాదగా, టిఫిన్ బ్యాగులు మూడు కొట్ల అవతల దొరుకుతాయి బెహన్‌జీ అన్నాడు. అక్కడున్న కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. వదిన నా చెవిలో, “గా గ్లాసు ఊడదీసి పెట్టు వదినా, లేకుంటే మనకు చాయ్ గూడ పోస్తరు” అంది. నాకు నవ్వూ కోపమూ కలిసొచ్చాయి. కోపాన్నే ముందుకి తోసి, ఇది కెమెరా, నా కెమెరా ఇలాగే ఉంటుంది, మీ దగ్గరున్నది పక్కన పెట్టి చూసుకోండన్నాను. ఆయన అద్దాల బీరువాలోంచి ఒకటి తీసి పక్కన పెట్టాడు. రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఆ తర్వాత ఇంకెవరూ నవ్వలేదు.

బ్యాగులు దించాడు. ప్రతిదానికీ ఎన్ని జేబులున్నాయో చెప్పడం మొదలెట్టాడు. జేబులు వద్దన్నాను. ఇప్పుడు అవసరం లేకపోయినా రేపు పనికొస్తాయన్నాడు. నా భయమదే అన్నాను. జేబున్న చోట పొట్లం చేరుతుంది, పొట్లం చేరితే బరువు, బరువైతే అది తిరిగి నా ఒళ్ళోకొస్తుంది. ఇదంతా కొట్టాయనకి చెప్పలేదు.

కొట్టు మధ్యలో నిలబడి ఒక్కొక్కటీ మెళ్ళో వేసుకుని చూశాను. మా ఆయన ఫోటో తీసేటప్పుడు ఎలా వంగుతారో అలా వంగాను, ఒక మోకాలి మీద కూర్చున్నాను, స్టూలెక్కి దిగాను. మొదటిది వంగగానే ముందుకి దొర్లింది, ఆ నల్లదానికి చెల్లెలు. ఇంకోదానికి మూత చర్రుమని చింపినట్టు ఊడే పట్టీ. గుళ్ళో హారతప్పుడు ఆ చప్పుడు చేస్తే పూజారి వెనక్కి తిరిగి చూస్తాడు, అది వద్దు. ఇంకోటి నడుముకి కట్టుకునేది. బాగుంది గానీ మా ఆయన పొట్ట దాన్ని ఒప్పుకోదు. మరొకదాని మూత ఒంటివైపుకి తెరుచుకుంటుంది, తీసేటప్పుడు కెమెరా బయటికి జారేలా ఉంది. నల్లవన్నీ పక్కన పెట్టించాను. మే నెల రాయ్‌పూర్ ఎండలో నల్ల బ్యాగు పెనం.

చివరికి ఒకటి దొరికింది. తడి ఇసుక రంగు. పట్టీ అరచేయంత వెడల్పు, ఒక భుజం మీంచి అడ్డంగా వేసుకుంటే తుంటి దగ్గర అతుక్కుపోయి కూర్చుంది. దాన్ని వేసుకుని వంగాను, లేచాను, గంతేశాను. కదల్లేదు. జిప్పు మెత్తగా, ఒక చేత్తో వచ్చింది. మూత బయటివైపుకి పడింది. లోపల మెత్తటి గుడ్డ, అడుగున చిన్న అరలో మడిచిపెట్టిన వాన తొడుగు. డబ్బా, గ్లాసు కొలిచినట్టు దిగాయి. పక్కన చెయ్యి దూర్చి చూశాను, చెయ్యి దూరలేదు. తువ్వాలు పెట్టి చూశాను, పట్టలేదు. మిక్స్చరు పొట్లం కాదు కదా, వక్కపొడి పొట్లం కూడా పట్టదు. ఇదీ బ్యాగంటే అనుకున్నాను. బయటికొచ్చాక వదిన, ఇంత చిన్నదానికి ఇంత పరీక్షనా, నా పెళ్ళికి కూడా మావోళ్ళు ఇంత చూడలేదని నవ్వింది.

మా ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. మిగతాది ఎక్కడ అన్నట్టు కాగితం సంచీలోకి కూడా తొంగి చూశారు.

“దీన్లో ఏటి పడుతుంది?” అన్నారు.

“కెమెరా.”

“మరి మిగతావి?”

“మిగతావి బీరువాలో పడతాయి.”

రెండ్రోజులు ముభావంగా ఉన్నారు. పెద్ద లెన్సుని తన పాత బనీనులో చుట్టి, ఎవరినో దూరదేశం పంపుతున్నట్టు బీరువాలో పెట్టారు. నేను చూసీ చూడనట్టున్నాను. మూడో రోజు ఆ బ్యాగు మెళ్ళో వేసుకుని కాలనీలో ఒక చుట్టు తిరిగొచ్చి, భుజం లాగటం లేదే అన్నారు. అదేమీ పొగడ్త కాదు గానీ, నేను పొగడ్త కిందే వేసుకున్నాను.

సంక్రాంతి రద్దీ తగ్గాక ఒక ఆదివారం రాజిం బయల్దేరాం. మేం ముగ్గురం, పక్కింటి వదిన. వాళ్ళాయనకి డ్యూటీ. చిన్న రైలు కిటికీ దగ్గర కూర్చుని మా ఆయన దారంతా ఫోటోలు తీశారు. బ్యాగు ఆయన మెళ్ళోనే ఉంది. నా ఒళ్ళో ఏమీ లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక వేరుశనక్కాయలు కొనుక్కుని ఒలుచుకుంటూ కూర్చున్నాను. అభన్‌పూర్ దాటాక పొలాల మీద మంచు ఇంకా వీడలేదు. నాకు చిన్నపిల్లకున్నంత సంతోషంగా ఉంది, ఎవరికీ చెప్పలేదు.

ఒడ్డుకి చేరాం. అందరూ చెప్పులు విడిచారు. మా అమ్మాయి పంట్లాం మడుచుకుంది. వదిన చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. పులిహోర సంచీ, నీళ్ళ క్యాను, దుప్పటీ టీ కొట్టు వెనక నీడలో చేరాయి. నేనేం చేశానో చూడండి. వెళ్ళి వాటి పక్కన కూర్చున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనూ అనుకోలేదు. కాళ్ళే తీసుకెళ్ళి కూర్చోబెట్టాయి. కూర్చుని, దుప్పటీ మీద చెయ్యి కూడా వేశాను. ఎదురుగా అదే తడిక.

“అమ్మా, అలా కూర్చున్నావేంటి, నువ్వూ చలో,” అంది మా అమ్మాయి. “ఈసారి బ్యాగు నాన్న దగ్గరే ఉంది కదా.”

లేవబోయాను. మా ఆయన చుట్టూ ఒకసారి చూసి, టైమెంతయిందని అడిగినంత మామూలుగా, “మరి సామాను దగ్గర?” అన్నారు.

ఆయన గొంతులో కరుకేమీ లేదు. అందుకే నాకు ఎక్కడో గుచ్చుకుంది. తక్కెడలో బియ్యం తూచి, కొట్లో గంతులేసి, ఏరికోరి తెచ్చిన బ్యాగు ఆయన తుంటి మీద బుద్ధిగా కూర్చుంది. నేనూ నా చోట బుద్ధిగా కూర్చున్నాను. బ్యాగు చిన్నదైతే సరిపోతుందనుకున్నాను. సామాను ఎంత తగ్గినా, ఆఖరికి చెప్పులే మిగిలినా, వాటి దగ్గర కూడా ఒకళ్ళు కావాలి.

వదిన పరిస్థితి చూసి, “నేను కూసుంట తియ్యి వదినా, నువ్వు పోయి రా,” అంది. వద్దన్నాను. నేను లేచి ఆవిడ కూర్చుంటే ఏం మారినట్టు. నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు. మా ఆయన వైపు తిరిగాను.

“సామాను దగ్గర ఒకళ్ళుండాలన్నారు. ఉండాల్సిందే, కాదనను. ఆ ఒకళ్ళూ నేనేనని మాత్రం ఏ రోజూ ఎవరూ అనలేదు.”

టీ కొట్టువాడు గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినపడుతోంది. ఆయన నన్ను చూశారు, సంచీలు చూశారు, నా చెయ్యి ఇంకా దుప్పటీ మీదే ఉండటం చూశారు. తర్వాత మెళ్ళోంచి బ్యాగు తీశారు. నా దగ్గరకొచ్చి నా తల మీంచి వేశారు. పట్టీ నాకు పొడుగైంది. అక్కడే వంగి, బకిల్ దగ్గర పట్టీ లాగి, నా తుంటి దగ్గర సరిగ్గా కూర్చునేదాకా పొట్టి చేశారు. కెమెరా మీది చక్రం పచ్చ గుర్తు మీద ఉంది, అన్నీ అదే చూసుకుంటుంది, నొక్కడమే, ఇంకేమీ తిప్పొద్దు అని చెప్పి, దుప్పటీ పరుచుకుని నా చోటులో కూర్చున్నారు.

చెప్పులు విడిచి దిగాను. ఇసుక చల్లగా ఉంది, పైన ఎండ అప్పుడే కాస్తోంది. మొదటి పాయలో నీళ్ళు చీలమండ దాకా వచ్చాయి. అంత పలచటి నీళ్ళలో కూడా అడుగున ఇసుక కదిలి పాదాల కిందనుంచి జారిపోతుందని నాకు ఆ వయసులో తెలిసింది. మా అమ్మాయి ముందు పరిగెత్తి మెట్ల దగ్గర ఆగి నాకోసం చూసింది. వదినతో కలిసి ముగ్గురం అరుగెక్కాం. వాళ్ళు చెప్పిన గాలి నిజమే. గుడిలో రాయి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచాను. చల్లగా ఉందా అని అడిగింది పిల్ల. ఉందన్నాను. ఇన్నేళ్ళుగా ఇంత దగ్గరలో ఉన్నది ఇదా అనిపించి, దండం పెట్టుకోవడం కూడా మర్చిపోయాను. సంతోషంతో పాటు కొంచెం దిగులు కూడా వేసింది.

బయటికొచ్చి ఒడ్డు వైపు చూశాను. టీ కొట్టు అగ్గిపెట్టెంతుంది. దాని పక్కన నీడలోంచి మా ఆయన ఎప్పుడో ముందుకి జరిగినట్టున్నారు, తడిక అంచున ఒక తెల్ల చొక్కా కనిపించింది. పక్కన ముద్దగా సామాను. జిప్పు తీసి కెమెరా పట్టుకుని నొక్కాను. అదే నేను తీసిన మొదటి ఫోటో. మా అమ్మాయి వెనక్కి తిప్పి చూసి, దీన్లో నాన్న కనపడట్లేదమ్మా, పెద్ద లెన్సుంటే పడేవారు అంది. నాకు కనపడుతున్నారన్నాను. తర్వాత అది కెమెరా లాక్కుని నన్నూ వదిననీ ఆ మెట్ల మీద నిలబెట్టి తీసింది. ఆ ఫోటోలో నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. అయినా ఆల్బములో పెట్టాను.

ఆ చిన్న లైను ఇప్పుడు లేదు. బ్యాగు ఉంది, పట్టీ దగ్గర కొంచెం వెలిసింది. ఆ పట్టీని ఆయన ఆ తర్వాత పొడుగు చేసుకోలేదు. ఎక్కడికెళ్ళినా సామాను దగ్గర వంతులేసుకుంటున్నాం, నా వంతొచ్చినప్పుడు ఇప్పటికీ సణుగుతాను.

ఆ రోజు మేం తిరిగొచ్చేసరికి ఆయన దుప్పటీ మీద కూర్చుని ఉన్నారు, పులిహోర సంచీ మీద చెయ్యి వేసుకుని. తోచక కాబోలు, చెప్పులన్నీ జతలు జతలుగా, యార్డులో వ్యాగన్లు నిలబెట్టినట్టు వరసలో పెట్టారు. తువ్వాలు అందించారు. నేను కాళ్ళు తుడుచుకుంటుంటే తడిక వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు.

“ఇన్నేళ్ళూ ఇక్కడ కూకుని ఏటి చూసీదానివి?” అన్నారు.

“మీ చెప్పులు,” అన్నాను.

ఆయన వంగారు. ఆ వరసలోంచి నా చెప్పుల జత తీసి నా కాళ్ళ ముందు పెట్టారు.